మూడో రెల్లు పోచ

నవంబరు తుంపర్లలో అషిహారా తోమియే డిటెక్టివ్ హిరుకావా ఆఫీసు మెట్లెక్కింది. ఆ మెట్లెక్కేవాళ్లు మామూలుగా బెదిరిపోయి, వెనక్కి వెనక్కి చూసుకుంటూ వస్తారు. ఈవిడ పళ్లు కొరుకుతూ వచ్చింది. గొడుగైనా మడవకుండా, చంకలోని చెక్కపెట్టెను బల్ల మీద దించి, "హత్య జరిగింది" అంది.

టీ పోస్తున్న రిత్సు చెయ్యి ఆగిపోయింది. సగం వయసు పోస్టాఫీసు కిటికీ వెనక గడిపి, ఆ తర్వాత హిరుకావా దగ్గర సహాయకురాలిగా చేరిన మనిషి ఆమె. ఎన్నో ఏడుపులు విన్నది కాని ఆ మాట అంత తిన్నగా ఎవరూ అనగా వినలేదు.

"ఎవరిని?" అన్నాడు హిరుకావా, కుర్చీలోంచి కదలకుండా.

"నా బిడ్డల్ని."

మూత తీసింది. లోపల శవాలేమీ లేవు. అరచేతిలో ఇమిడే రబ్బరు ముక్కలున్నాయి, ఇరవైకి పైగా. పెన్సిలు గీతలు చెరిపే తెల్ల రబ్బరే, కాస్త పెద్దది. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ చెక్కి ఉండేది. ఉండేది అనే చెప్పాలి. ఇప్పుడవన్నీ బోర్లాపడి, కింద పరిచిన పల్చటి ప్లాస్టిక్ అట్టలకు కరుచుకుపోయి ఉన్నాయి. హిరుకావా ఒకదాన్ని లాగితే జిగురులా సాగి వచ్చింది. అట్ట మీద గుంట పడింది. బొమ్మ ముఖం కరిగి చదునైపోయింది.

ఆ ఊళ్లో డిసెంబరు వచ్చిందంటే ఆడవాళ్లు వంటింటి బల్ల మీద రబ్బరు ముక్క పెట్టుకుని, వచ్చే ఏడాది ఏ జంతువు పేరిట వస్తుందో దాన్ని సన్నకత్తితో చెక్కి, కొత్త సంవత్సరం కార్డుల మీద ముద్ర వేసి పంపుతారు. పోయిన డిసెంబరులో సగంమంది, ఆ చెక్కడం నేర్పే తోమియే కొత్త పుస్తకం ముందు పెట్టుకునే చెక్కారు. రిత్సు కూడా అంతే. ఆ పుస్తకం అట్ట మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, పక్కన రెండు రెల్లు పోచలు. చూసి చూసి, కళ్లు మూసుకున్నా ఆ కొంగ కనబడేది ఆమెకు.

రబ్బరును ప్లాస్టిక్ పక్కన పడెయ్యకూడదని బడికెళ్లే ప్రతి పిల్లకూ తెలుసు. నోటుపుస్తకంలో పేజీ కింద పెట్టుకునే అట్ట మీద రబ్బరు మరిచిపోతే సెలవులు అయ్యేసరికి రెండూ ఒకటైపోతాయి. అందుకే చెక్కేవాళ్లు ఒక్కో ముద్రనూ కాగితంలో చుట్టి దాస్తారు. ఎవరో ఆ కాగితాలు విప్పి, కింద అట్టలు పరిచి, పెట్టె మూసేశారు. మిగతా పని, జూన్ వానలు వెలిశాక కాసే వేసవి ఎండ చేసిపెట్టింది.

"ఎవరు చేశారో మీకు తెలుసన్నమాట," అన్నాడు హిరుకావా.

"తెలియకేం? హినో నావో. నా దగ్గరే నేర్చుకుంది. పోయినేడు నా పుస్తకం రాగానే నిండు క్లాసులో లేచి, ఇవన్నీ నేను చెక్కినవి, దిద్దమని మీకిచ్చినవి అంది! నా ముందే! ఆధారం చూపించవే అన్నాను. నీళ్లు నమిలింది. నా బొమ్మలు కాపీ కొట్టి నన్నే దొంగంటావా అని అందరి ముందూ తలుపు చూపించాను. ఏప్రిల్‌లో యొనాగో వెళ్లిపోయింది. అక్కడ పసిపిల్లల బడిలో చేరిందట, ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదట." చివరి ముక్క చెప్పేటప్పుడు ఆవిడ మొహం వెలిగింది. "మీరు రుజువు నా చేతికివ్వండి చాలు. ఆ బడి పెద్దావిడ ముందు నేనే పెడతాను. ఇంకే గడపా తొక్కకుండా చేస్తాను."

"పెట్టె వేసవంతా ఎక్కడుంది?"

"కుగా స్టేషనరీ షాపు మేడ మీద. నా క్లాసులు అక్కడే. జూన్‌లో వానలు మొదలవగానే క్లాసులు ఆపి పెట్టెను అక్కడి బీరువాలో పెట్టిస్తాను. వచ్చేవారం డిపార్ట్‌మెంట్ స్టోరులో నా ప్రదర్శన. అందుకని నిన్న తెరిచాను."

"తాడు కట్టి ఉందా?"

"ఏటా కడతాం. ఇనపముడి. విప్పలేక కత్తెరతో కోశాను."

"అంటే కట్టింది కట్టినట్టే ఉంది."

"ఉంది. అయితే ఏం?"

"ఏం లేదు. కట్టిందెవరు?"

"మోగి, నా సహాయకురాలు. దాన్ని అనుమానించకండి. నేను చెప్పకపోతే అది తుమ్మను కూడా తుమ్మదు."

హిరుకావా పెట్టె అడుక్కి చెయ్యి పోనిచ్చి, ఒక మూలనుంచి ఇంకా కాగితంలోనే ఉన్న ముద్రను పైకి తీశాడు. విప్పితే తునికిపండు. దానికి ఏమీ కాలేదు.

"ఇదొక్కటే మిగిలిందా?"

"కంగారులో మరిచిపోయి ఉంటుంది, దొంగపీనుగ."

ఆవిడ వెళ్లాక హిరుకావా పెట్టె అడుగున ఉన్న మిగతా కాగితాలు కూడా బయటికి తీశాడు. ఒక్కొక్కటీ నాలుగు మడతలు, గోటితో నొక్కి గీసినట్టు పదునుగా ఉన్నాయి.

"కంగారులో ఉన్నవాళ్ల మడతలు ఇలా ఉంటాయా, రిత్సు గారూ?"

"ఉండవు," అంది రిత్సు. తునికిపండును వెలుగులో తిప్పి చూసింది. "ఇది టీచరుగారు బాగా మొదట్లో చెక్కింది కాబోలు. చూడండి, కత్తి లోపలికి తిరిగి గీత అడుగు తొలుచుకుపోయింది. నొక్కితే ఊగుతోంది. గీత పునాది బయటికి వాలుగా ఉండాలని ఆవిడే పుస్తకంలో రాసింది."

"మరి కొంగ?"

కొంగ ముఖం కరిగిపోయినా, చెక్కిన పల్లాలు అట్టను తాకలేదు కనక అలాగే ఉన్నాయి. వెన్న కోసినట్టు నున్నటి వాలులు. కొంగ కాలి పక్కన మాత్రం ఒకచోట ఎలక కొరికినట్టు గరుకుగా, లోపలికి తొలిచి ఉంది.

"అక్కడ కత్తి మొద్దుబారి ఉంటుంది," అంది రిత్సు.

హిరుకావా కొంగను తునికిపండు పక్కకు జరిపాడు. జవాబుకు బదులు ఆయన ఇలా పనిలో పడ్డాడంటే తను ఎక్కడో తప్పులో కాలేసిందని అర్థం. ఆ సంగతి ఆమెకు ఇన్నాళ్లలో బాగా తెలుసు.

కుగా షాపులో మర్నాడు గిరాకీ లేదు. యాభై దాటిన మనిషి కుగా. గల్లాబల్ల వెనక నిలబడి, ఎవరో విప్పి పారేసిన చుట్టుకాగితాన్ని నేలమీంచి తీసి, నాలుగు మడతలు పెట్టి గోటితో నొక్కి, సొరుగులో వేసుకున్నాడు. మోగి యాసుకో పక్కన నిలబడి ప్రదర్శనకు పిలుపుకార్డులు కట్టలు కడుతోంది. కడుతోంది అంటే, తాడు చుట్టి కుగా వైపు తోస్తోంది. ముడి ఆయన వేస్తున్నాడు.

"పెట్టెకు తాడు మీరే కట్టారట," అన్నాడు హిరుకావా ఆమెతో.

మోగి చేతులు ముందుకు చాచింది. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. "ఈ చేతులతోనా బాబూ? పాలసీసా మూతే రాదు నాకు. టీచరుగారు కట్టు అని నాకిచ్చారు. నేను తెచ్చి ఈ బల్ల మీద పెట్టి ఇంటికెళ్లాను. పొద్దున వచ్చేసరికి కట్టి ఉంది, మేడమీద పెట్టాను. ఆవిడకు మాత్రం చెప్పకండి, మీకు పుణ్యముంటుంది. నేనే కట్టాననుకుంటోంది."

"నేనే కట్టాను," అన్నాడు కుగా తల ఎత్తకుండా. "షాపువాణ్ణి. ముడి వెయ్యడం తప్ప నాకేం వచ్చు?"

"మూత తీశారా?"

"మూసిన పెట్టె ఇచ్చారు. మూసిన పెట్టె కట్టాను."

"నావో గురించి చెప్పండి."

కుగా చేతిలో ముడి జారింది. "రబ్బర్లు కొనేది. మంచి పిల్ల. నేనే పైకి తీసుకెళ్లి టీచరుగారికి అప్పజెప్పాను." మళ్లీ ముడి వెయ్యడంలో పడ్డాడు.

హిరుకావా మోగి వైపు తిరిగాడు. "టీచరుగారి ముద్రల్లో మీకేది ఇష్టం?"

"తునికిపండు," అంది మోగి వెంటనే. "మిగతావి ఇంకా అందంగా ఉంటాయి, కాదనను. కాని ఆవిడ చెక్కుతుంటే నేను ఎదురుగా కూచుని చూసింది అదొక్కటే. మిగతావన్నీ ఇంట్లో చెక్కి తెస్తుంది కదా! వేలు తెగి ఎంత గోల చేసిందని!"

కుగా దగ్గాడు. కార్డుల కట్ట పక్కకు నెట్టాడు.

నావో అమ్మమ్మ హినో మాసు సరస్సు ఒడ్డున ఒంటరిగా ఉంటుంది. చూరు పొడుగునా తొక్కతీసిన తునికిపళ్లు దారాలకు వేలాడుతున్నాయి. ముసలామె గుమ్మంలోనే కూలబడి ఇంకా పళ్లు చెక్కుతోంది. తోమియే పేరు వినగానే చేతిలోని కత్తి ఆగింది.

"ఆవిడ పంపిందా మిమ్మల్ని? అయితే వచ్చిన దారినే పొండి. నా మనవరాలు ఏడ్చి ఏడ్చి ఈ ఇంట్లో అన్నం మానేసింది తెలుసా? కత్తులన్నీ మూటగట్టి సరస్సులో పారేసింది. మోకాళ్లు సరిగా ఉంటే నేనే ఆ మేడెక్కి ఆ టీచరు జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. మెట్టు ఎక్కలేనిదాన్నయిపోయాను."

"ఆవిడే పంపింది," అన్నాడు హిరుకావా. "కాని ఆవిడ కోరింది తీసుకెళ్లాలని రాలేదు. చలిగా ఉంది, లోపలికి రావచ్చా?"

ముసలామె ఆయన్ను ఎగాదిగా చూసి, ఒక పండు చూపించింది. "తింటావా?"

"పచ్చివి కదా!"

"భయపడ్డావ్," అని నవ్వింది. "ఇప్పుడు కొరికితే నాలుక పట్టేస్తుంది. తొక్క తీసి నెల్లాళ్లు వేలాడదీస్తే దాని పొగరంతా దిగి అదే తియ్యబడుతుంది. రండి."

లోపలికి అడుగుపెట్టి రిత్సు నిలబడిపోయింది. తోట వైపు, చెక్కచట్రానికి పల్చటి కాగితం అతికించిన తలుపు నిండా పూలరేకుల ఆకారంలో కత్తిరించిన అతుకులు. చిరిగినచోట అలా పువ్వు కోసి అతికించడం ఎవరింట్లోనైనా ఉండేదే. ఇక్కడ మాత్రం ప్రతి పువ్వు మీదా ఒక ముద్ర ఉంది. కప్ప, గొడుగు, నత్తగుల్ల, నెలవంక. పెట్టెలో కరిగిపోయిన బొమ్మలన్నీ ఎండకు పసుపెక్కిన కాగితం మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"పోయినేడు వసంతంలో పిల్లి చింపి పోగులు పెట్టింది," అంది ముసలామె. "ముద్ర చెక్కగానే ఎలా పడుతుందో చూడ్డానికి నావో చిత్తుకాగితం మీద కొట్టేది కదా, అవే కోసి అతికించింది."

"ప్రతి డిసెంబరులో పాత కాగితం చింపి కొత్తది వేస్తారు కదా మామ్మగారూ?" అంది రిత్సు. "దీన్ని ఎందుకు వదిలేశారు?"

"కుగా వదిలేశాడమ్మా. నా చేతులు పైకి లేవవు, ఏటా వాడే వచ్చి అతికిస్తాడు. పోయిన డిసెంబరులో కూడా కాగితం చుట్ట చంకన పెట్టుకుని వచ్చాడు. ఈ తలుపు ముందు బొమ్మలా నిలబడ్డాడు. చివరికి, దీన్ని మాత్రం ముట్టుకోవద్దు పెద్దమ్మా అని కొత్త కాగితం వెనక్కి పట్టుకుపోయాడు. పిసినారితనం అనుకున్నాను."

"ఈ గదిలోకి ఇంకెవరైనా వస్తారా?"

"నా ఇంటికి ఎవరొస్తారు నాయనా? నావో, కుగా, పిల్లి."

రిత్సు తలుపు మీద తునికిపండు కోసం వెతికింది. ఎక్కడా లేదు. కొంగ కనబడింది. అదే కొంగ, అదే ఒంటికాలు. కాని ఏదో తేడా. కళ్లు మూసుకుని పుస్తకం అట్టను తలుచుకుని, మళ్లీ తెరిచింది.

"మూడు పోచలున్నాయి," అంది నెమ్మదిగా.

"ఉన్నాయి," అన్నాడు హిరుకావా. "మామ్మగారూ, ఈ తలుపు కొన్నాళ్లు అప్పిస్తారా? చలిగాలి కొడుతుంది, తెలుసు."

"తీసుకెళ్లు. తీసుకెళ్లి దాని మొహాన కొట్టు."

ఆదివారం కుగా షాపు షట్టరు సగం దించి అందర్నీ లోపల కూచోబెట్టారు. ముసలామె మేడెక్కలేదు కనక నోటుపుస్తకాల అరల మధ్యే కుర్చీలు వేశారు. తోమియే ముందు వరసలో నిటారుగా కూచుంది. యొనాగో నుంచి వచ్చిన నావో అమ్మమ్మ పక్కన, కోటైనా విప్పకుండా ఉంది. మోగి మూలకు ఒదిగింది. కుగా గల్లాబల్ల వెనకే నిలబడ్డాడు. హిరుకావా పక్కన, గోడకు ఆనించి, గుడ్డ కప్పిన తలుపు.

"ఇదిగో వచ్చింది," అంది తోమియే నావోను చూసి. "బడిలో సెలవు పెట్టి వచ్చావా? ఇకముందు ఆ అవసరం ఉండదులే."

ముసలామె మాట్లాడబోతే నావో ఆమె చెయ్యి నొక్కింది.

"ముందు ఒకటి తేల్చుకుందాం," అన్నాడు హిరుకావా. "పెట్టె తాడు నవంబరు దాకా తెగలేదు. కాబట్టి అట్టలు పరిచింది ముడి పడకముందు, వానలు మొదలైన రోజుల్లో. అప్పటికే నావో యొనాగోలో ఉంది. పెట్టె ఆమె చేతికి అందలేదు."

"అయితే ఎవరితోనో చేయించింది!"

"చేసినవాళ్లు ఒక్క తునికిపండును వదిలేశారు. కాగితాలు అంత శ్రద్ధగా మడిచినవాళ్లకు మరుపెక్కడిది? కావాలనే వదిలారు. ఎందుకా అని ఆ పండును, మిగతా ముద్రల్ని పక్కపక్కన పెట్టి చూశాను. వాటిని చెక్కింది ఒక చెయ్యి కాదు, టీచరుగారూ. పండు మీది. మిగతావి కావు."

తోమియే లేచింది. "నేను డబ్బిచ్చి పెట్టుకున్న మనిషివి నువ్వు!"

హిరుకావా గుడ్డ లాగాడు. ఆవిడ ఒక్క క్షణం తడబడి, వెంటనే గొంతు పెంచింది. "ఓహో, ఇదా? నా పుస్తకం చూసి మళ్లీ చెక్కి, అచ్చు కొట్టి అతికించింది! ఇదీ ఒక సాక్ష్యమేనా?"

"మీ పుస్తకంలో కొంగ పక్కన పోచలు రెండు. ఇక్కడ మూడు."

"ఒకటి కలిపింది! కాపీ కొట్టేవాళ్లు కలపరా?"

"కలపొచ్చు," అని హిరుకావా జేబులోంచి కరిగిన కొంగ ముద్ర తీసి, తలుపు మీది మూడో పోచ పక్కన పట్టుకున్నాడు. "కాని మీ పెట్టెలోని ఈ ముద్రలో, సరిగ్గా మూడో పోచ ఉండాల్సినచోట, ఎవరో రబ్బరు తొలిచేశారు. రబ్బరులో ఉన్నదాన్ని కోసి తీసెయ్యొచ్చు, తీసేసినదాన్ని మళ్లీ మొలిపించలేం. కాబట్టి మూడు పోచల కొంగే ముందుది. తొలిచిన తీరు చూడండి. కత్తి లోపలికి తిరిగింది, అచ్చం తునికిపండులో తిరిగినట్టే. ఆ అమ్మాయి కొంగ మీద మీరు పెట్టిన సంతకం ఇదొక్కటే."

ఆయన గల్లాబల్ల మీద కొత్త రబ్బరు ముక్క, సన్నకత్తి పెట్టాడు. "కాదంటే రండి. మోగి గారు చూస్తారు. ఒక్క పోచ చెక్కండి."

తోమియే కత్తి వైపు చూసింది. "నా మణికట్టు... ఈ చలికి..."

"నిండు క్లాసులో ఆధారం అడిగావుగా!" ముసలామె ఇక ఆగలేకపోయింది. "ఇదిగో నా తలుపే ఊడదీసుకొచ్చాను. ఇంకా ఏం కావాలే నీకు?"

మోగి మూలనుంచి తోమియేను కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. వాచిన వేళ్లతో చెంపలు పట్టుకుంది.

"మరి వాటిని కరిగించిందెవరు?" అంది నావో. ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"ఏది నీదో ఏది కాదో తెలిసినవాళ్లు," అన్నాడు హిరుకావా. "అది తెలియాలంటే ఈ తలుపు చూసి ఉండాలి. దీన్ని చూసింది నువ్వు, మీ అమ్మమ్మ, ఇంకొక మనిషి. నువ్వు ఊళ్లో లేవు. ఆమె మెట్లెక్కలేదు. ఆ మూడో మనిషి చేతిలో పెట్టె ఒక రాత్రంతా ఉంది. కాగితం కనబడితే నాలుగు మడతలు పెట్టకుండా ఉండలేడు. మీరు అట్టలకోసం ఎంతో దూరం వెళ్లి ఉండరు, కుగా గారూ. రెండో అరలో ఉన్నాయి."

కుగా గల్లాబల్ల వెనకనుంచి బయటికొచ్చాడు. మొహంలో భయం లేదు.

"కరిగించాను," అన్నాడు. "ఎండలు బాగా కాయాలని రోజూ ఆకాశం వంక చూశాను. ఆ పిల్ల చేతిపని ఈవిడ పేరు కింద డిపార్ట్‌మెంట్ స్టోరు గోడల మీద వేలాడుతుంటే చూస్తూ ఊరుకోమంటారా? పండును కావాలనే వదిలాను. గోలపెట్టి ఎవర్నో తెస్తుందని తెలుసు. వచ్చినవాడికి కళ్లుంటాయనుకున్నాను."

"పోలీసుల్ని పిలవండి!" తోమియే అరిచింది. "విన్నారుగా అందరూ! వాడే ఒప్పుకున్నాడు!"

"పిలవొచ్చు," అన్నాడు హిరుకావా. "కాని ఫిర్యాదు నష్టపోయినవాళ్లు ఇవ్వాలి. మీ పండు భద్రంగా ఉంది."

అందరూ నావో వైపు తిరిగారు. ఆమె లేచి, కరిగిన కొంగను హిరుకావా చేతిలోంచి తీసుకుని వేలితో తడిమింది.

"కుగా మామయ్యా, ఆ రోజు క్లాసులో మీరూ ఉన్నారు. తలుపు మీది అతుకులే ఆధారమని తట్టక నేను నిలబడితే మీరు తలుపు దగ్గర నేల చూశారు. డిసెంబరులో మా ఇంట్లో తలుపు చూశారు. అప్పుడైనా నోరు తెరిచి ఉంటే సరిపోయేది. క్లాసులు పోతే గిరాకీ పోతుందని నోరు తెరవలేక, నా కొంగను చంపారు. నన్నొక్క మాట అడిగారా?"

కుగా మోకాళ్ల మీద కూలి నేలకు నుదురు ఆనించాడు. ఆమె లెమ్మనలేదు.

"మళ్లీ అన్నీ చెక్కుతాను. రబ్బరు మీరిస్తారు. ఆదివారాలు మేడ నాది. కత్తులు కూడా మీరే కొనాలి, నావి సరస్సులో ఉన్నాయి."

"నావో..." తోమియే గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "పెద్దదాన్ని. నా పేరు ఒక్కరోజులో వచ్చింది కాదమ్మా. ప్రదర్శన రద్దు చేసుకుంటాను, ఆరోగ్యం బాగాలేదని చెబుతాను. పుస్తకం కూడా ఆపించేస్తాను. ఇక్కడితో వదిలెయ్."

"వద్దు," అంది నావో. "రద్దు చెయ్యొద్దు. కార్డులు పంచారుగా, అందరూ వస్తారు. గోడలన్నీ మీవే. మీరు చెక్కింది మీరు పెట్టుకోండి."

తోమియేకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీ చెయ్యి పట్టుకుంది. "అలా చెయ్యలేను."

"అయితే ఈ తలుపు పత్రికవాళ్ల ఆఫీసు ముందు నిలబెడతాను. మీరు ఎంచుకోండి, టీచరుగారూ."

ప్రదర్శన మొదలైన రోజు హిరుకావా, రిత్సు కూడా వెళ్లారు. పొడుగాటి తెల్లగోడలు, దీపాలు, గుమ్మంలో పూలబుట్టలు. మధ్య గోడకు అరచేతి పాటి చట్రంలో ఒక్క తునికిపండు. గీత ఊగిన చోట ముద్ర రెండుగా పడింది. వచ్చినవాళ్లు దాని ముందు ఆగి, మిగతావి పక్కగదిలో ఉన్నాయేమోనని తొంగిచూసి, వెనక్కొచ్చి, చట్రం పక్కన నిలబడ్డ తోమియేకు వంగి నమస్కరించి వెళ్లిపోతున్నారు. ఎవరూ ఏమీ అడగడం లేదు. అడిగితే బాగుండునని ఆవిడ ఒక్కొక్క మొహం వంకా చూస్తోంది.

రిత్సుకు జాలి కలగాలి. కలగలేదు. పుస్తకం చూసి తను మురిసిపోయిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి.

హిరుకావా పండు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"వేలాడదీస్తే పొగరు దిగుతుందని మామ్మగారు ఎన్నాళ్లన్నారు?"

"నెల్లాళ్లు."

"ఈ ప్రదర్శన?"

"వారమే."

"చాలదు," అని హిరుకావా టోపీ పెట్టుకున్నాడు.